తుండుగుడ్డ కింద ధర

అనంతపురం సంతలో ధర నోటితో చెప్పరు.
తుండుగుడ్డ కింద రెండు చేతులు కలుస్తాయి.
పట్టుకున్న ఏలు వెయ్యి, మడిచిన ఏలు అయిదునూర్లు.
గుడ్డ పైన మాత్రం ఇద్దురూ
వాన రాలేదని మాట్లాడుకుంటా ఉంటారు.

దళారి వన్నూరప్ప గుడ్డ పరిచి
నా గాజులు చూసి
మళ్ల మడిచి భుజానేసుకున్నాడు.
ఆడమనిషి ఏళ్లు ఎట్ల పట్టుకోవాల?
సరే, నోరుంది కదా అని
"ఎనిమిదివేల ఎనిమిదినూర్లు" అంటి, గట్టిగా.
మూడు మందల అవతలోళ్లు తిరిగి చూసినారు.
ఆ సంతలో గుడ్డ లేని ధరంటే
గుడ్డల్లేని మనిషే.
అమ్మే ఆయప్పకు చెమట పట్టింది.
ఒక్కోటి తొమ్మిదివేలకు తెగింది.

పది గొర్రెలు, తొంభై వేలు.
పొట్టేలు పద్నాలుగు.
(మారెక్క ముందే చెప్పింది: నోరు తెరిచి పళ్లు చూడు,
నాలుగు పళ్లవి పట్టు, నోరు నిండినవి వద్దు.
పొదుగు పిసుకు. గడ్డ తగిల్తే దండం పెట్టి వచ్చెయ్.)
టెంపోకు పద్దెనిమిది నూర్లు.
గేటు కాడ సుంకం రెండునూర్ల ఇరవై.
వల, గుంజలు, పాత రేకులు ఎనిమిదిన్నర వేలు.
అరట్రాక్టరు సెనక్కట్టె నాలుగు వేలు.
నట్టల మందు మూడునూర్ల ఎనభై.
సంఘం ఇచ్చిన లక్షా ఇరవైలో
మిగిలింది వెయ్యిన్నూరు.
దాన్ని హార్లిక్సు సీసాలో ఏసి
మూత గట్టిగా తిప్పినాను.
కుక్కకు ఖర్చు కాలేదు. అదే వచ్చింది.

మా ఇంటాయన బోరుబండి మీద
యాడో మడకశిర దిక్కున ఉండాడు.
"పదకొండుకు మందని పేరా? కోళ్లు కొనాల్సింది"
అని ఫోన్లో నవ్వినాడు. నవ్వనీ.
చిక్కు ఆ నవ్వులో లేదు:
గొర్రె కడుపు నూటాయాభై దినాలు అడుగుతాది,
సంఘం కంతు ముప్పైయే అడుగుతాది.
నడాన ఉండే దినాలన్నీ
నేను మిల్లులో సెనగ్గింజలు ఏరినాను.
నావి సుంకన్న మందలో కలిపినాను,
తలకు నెలకు యాభై.

టీకా ఊరికే ఏస్తారంట, వానలకు ముందు.
డాక్టరు వచ్చిన దినం నేను మిల్లులో ఉండా.
తొలివాన కసువు మేసొచ్చిన రాత్రి
చెవి మచ్చది ఎగిరి పడింది,
చిటికేసినంత సేపట్లో.
చిటుకు రోగమని పేరు పెట్టినోడు
ఆ పక్కనే నిలబడి చూసుంటాడు.
కాసు ఖర్చులేని పనికి తొమ్మిదివేలు పోయినాయి.

ఇన్సూరెన్సాయన చెవి చూపించమన్నాడు.
చెవి ఉండాది, పోగు లేదు.
ఏ జాలికంప ఎప్పుడు లాక్కున్నాదో.
చినిగిన చెవి ఎత్తి ఎత్తి చూపించినాను.
పోగుంటేనే గొర్రె, అన్నాడు.

మాపటేల దొడ్డి కాడ
నేను ఏలు చూపించి ఒకటి, రెండు అంటాంటే
సుంకన్న నవ్వి, "లెక్కపెట్టొద్దమ్మే.
కదిలేటివి లెక్కకు రావు.
ఎవురు రాలేదో చూడు" అన్నాడు.
అది నేర్చేదానికి రెండు నెల్లు పట్టింది.
ఇప్పుడు కుంటిది, దగ్గుది,
తొట్టి కాడికి అన్నిటికంటే ముందు ఉరికేది,
పొట్టేలెనకాలే నక్కి నడిచేది,
కండ్లు వాటంతట అవే అందర్నీ తడిమి
చెవి మచ్చదాని తావుకొచ్చి రోంత సేపు నిలబడతాయి.

రాత్రి కుంటిది ఈనింది.
జున్నుపాలు తాపి, పాత గోనెతో తుడిచి,
చలికి జల్ల కింద మూసి, పైన రాయి పెట్టి
అక్కడే గొంతుకూచున్నా.
పది మీద ఒకటి. పదకొండు.
లెక్క సరిపోయింది అనుకున్నా.
లోపలికి పోయి సీసా మూత తిప్పినాక
సరిపోలేదని గుర్తొచ్చింది.

జల్లలో సన్నగా ఒక అరుపు.
బయట్నుంచి తల్లి బదులిస్తాది.
కంతు రేపు.